బయానా: బేరం తప్పినవాని సొమ్ము ఎవరికి చెందాలి?

బయానా అనే మాట తెలియని తెలుగువాడుండడు. ఇల్లు కొనేవాడూ, పొలం బేరమాడేవాడూ, సంతలో ఎద్దుల జతను చూసుకొనేవాడూ ధర కుదిరిన వెంటనే కొంత సొమ్ము అమ్మేవాని చేతిలో పెడతాడు. ఆ సొమ్ము చేతులు మారితేనే మాట గట్టిపడినట్లు. కొన్ని ప్రాంతాలలో దీనిని బజానా అంటారు. పాత తెలుగులో సంచకరువు అన్నారు. బేరం సాగితే బయానా వెలలో జమ అవుతుంది, ఎవరికీ పేచీ ఉండదు. బేరం చెడినప్పుడే చిక్కు వస్తుంది. కొనేవాడు ఏదో కారణాన వెనుకకు తగ్గుతాడు. "అయితే నీ బయానా పోయినట్లే" అంటాడు అమ్మేవాడు. పంచాయితీకి కూర్చున్న పెద్దలు కూడా సాధారణంగా అదే న్యాయమని తేల్చి లేచిపోతారు.

ఉదాహరణకు, ఒక వ్యక్తి పరదేశంలో కష్టపడి కూడబెట్టిన సొమ్ములో నుండి లక్ష రూపాయలు ఇంటికి బయానాగా ఇచ్చాడనుకొందాం. మిగతా పైకం సమకూరే లోపల ఉద్యోగం పోయింది. గడువు దాటింది. అమ్మకందారు ఆ ఇంటినే నెల తిరగకుండా మరొకరికి ఇంకా ఎక్కువ ధరకు అమ్మాడు. ఆ లక్ష రూపాయలు అతనికి ధర్మసమ్మతమైన ఆర్జనేనా? అతడు ముస్లిం అయితే ఈ ప్రశ్న కోర్టు గుమ్మంతో ఆగదు. అది అతని ఇంటి భోజనం హలాలా, కాదా అన్న ప్రశ్న.

దీనిపై మన ధర్మవేత్తలు హిజ్రీ మొదటి శతాబ్దం నుండి చర్చించారు. ఆ చర్చ చరిత్రను క్లుప్తంగా పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట పుట్టుక

"బయానా" మనకు ఉర్దూ ద్వారా వచ్చింది. అరబీలో "బై" అంటే అమ్మకం. దానికి ఫారసీ ప్రత్యయం "ఆనా" చేరి "బైఆనా" అయింది. అయితే అరబీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఈ పదం కనిపించదు. అక్కడ దీని పేరు "ఉర్బూన్" లేక "అరబూన్". ఇది అరబీలో కలిసిపోయిన పరభాషా పదమని అరబ్బు నిఘంటుకారులే చెప్పారు. హీబ్రూ, గ్రీకు భాషలలో కూడా దీనికి తోబుట్టువులైన పదాలున్నాయి. అనగా ఈ ఆచారం ఇస్లాంకు పూర్వమే పడమటి ఆసియా వర్తకులందరికీ పరిచితమైనదన్నమాట. ఇస్లాం వచ్చి వర్తకాన్ని నిషేధించలేదు. వర్తకంలోని ప్రతి ఆచారాన్నీ తూచి చూసింది. ఈ ఆచారాన్ని కూడా తూచింది. అయితే తూచినవారందరికీ ఒకే బరువు కనిపించలేదు.

మదీనా హదీసు, మక్కా ఇల్లు

ఇమామ్ మాలిక్ (రహ్మ, మరణం హి. 179 / క్రీ.శ. 795) తన "ముఅత్తా"లో ఒక హదీసును నమోదు చేశారు. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉర్బూన్ అమ్మకాన్ని వారించినట్లు అమ్ర్ బిన్ షుఐబ్ తన తండ్రి ద్వారా, ఆయన తన పెద్దల ద్వారా చేసిన కథనం అది. ఉర్బూన్ అంటే ఏమిటో కూడా ఇమామ్ మాలిక్ అక్కడే వివరించారు. ఒకడు ఒక వస్తువును కొంటూ గాని, సవారీ పశువును బాడుగకు తీసుకొంటూ గాని ఒక దీనారో, దిర్హమో ముందుగా ఇస్తాడు. తాను తీసుకొంటే అది వెలలో జమ అని, తీసుకోకపోతే ఊరకనే అమ్మేవానిదై పోతుందని షరతు పెట్టుకొంటాడు. ఇదే ఉర్బూన్. మన బయానాకు, దీనికి వెంట్రుకవాసి తేడా లేదని పాఠకులు గ్రహించగలరు.

ఈ హదీసు అబూ దావూద్, ఇబ్న్ మాజా సంకలనాలలో కూడా ఉంది. అయితే ఇమామ్ మాలిక్ తనకు దీనిని చెప్పిన వ్యక్తి పేరు వెల్లడించలేదు. నమ్మదగినవాడని మాత్రమే అన్నారు. కథకుల గొలుసులో ఒక కడియం పేరు తెలియకుండా ఉండిపోయింది. తరువాతి చర్చ అంతటికీ ఈ చిన్న ఖాళీయే ద్వారం తెరిచింది.

రెండవ ఆధారం మక్కా నగరానికి సంబంధించినది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో (క్రీ.శ. 634–644) మక్కాకు గవర్నరుగా ఉన్న నాఫె బిన్ అబ్దుల్ హారిస్ (రజి), చెరసాల కోసం సఫ్వాన్ బిన్ ఉమయ్య (రజి) వద్ద ఒక ఇల్లు కొన్నారు. ఖలీఫా మదీనాలో ఉన్నారు. ఆయన అంగీకారం ఇంకా రాలేదు. అందువల్ల వారొక షరతు పెట్టుకొన్నారు: ఉమర్ సమ్మతిస్తే కొనుగోలు స్థిరపడుతుంది, సమ్మతించకపోతే సఫ్వాన్‌కు 400 ముడుతుంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ సంఘటనను తన సంకలనంలో ప్రస్తావించారు. సహాబీలు చేసుకొన్న ఒప్పందమిది. పైగా ఖలీఫా తరఫున జరిగింది.

ఒకవైపు నిషేధించే హదీసు, మరొకవైపు సహాబీల ఆచరణ. ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫఈ (రహ్మ) సంప్రదాయాలు మొదటిదాన్ని గ్రహించాయి. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ, మరణం హి. 241 / క్రీ.శ. 855) హదీసు గొలుసు బలహీనమని భావించి, హజ్రత్ ఉమర్ కాలపు ఆచరణను ఆధారం చేసుకొన్నారు. ఆయన శిష్యుడు అస్రమ్ ఈ విషయమై తరచి అడిగినప్పుడు, ఎదుట ఉమర్ అంతటివారి ఉదాహరణ ఉండగా తానేమి చెప్పగలనన్న భావంతో జవాబిచ్చారు. తాబయీలలో ఇబ్న్ సీరీన్ కూడా దీనిలో దోషం లేదన్నారు. కొన్న వస్తువు నచ్చక తిరిగి ఇచ్చేవాడు దానితోపాటు మరికొంత ఇస్తే తప్పులేదని సయీద్ బిన్ ముసయ్యిబ్ అభిప్రాయపడ్డారు.

కూఫా ఖాజీ ఎదుట

మాట తప్పినవాని విషయమై తొలి కాలంలో న్యాయస్థానాలు ఎలా వ్యవహరించాయో తెలిపే రెండు తీర్పులు కూడా బుఖారీ సంకలనంలోని షరతుల అధ్యాయంలో ఉన్నాయి. రెండూ కూఫా ఖాజీగా ప్రసిద్ధుడైన షురైహ్ ఇచ్చినవే.

మొదటి దావాలో ఒకడు బాడుగ ఒంటెలవానితో, ఫలానా రోజున నేను నీతో బయలుదేరకపోతే నీకు నూరు దిర్హములు ఇస్తానన్నాడు. ఆ రోజున బయలుదేరలేదు. ఎవరి బలవంతమూ లేకుండా తనంత తానుగా తలకెత్తుకొన్న షరతుకు మనిషి బద్ధుడేనని షురైహ్ తీర్పు చెప్పాడు. ఒంటెలవాడు వాటిని మేత నుండి తోలుకువచ్చి, సిద్ధం చేసి, మరో బేరం వదులుకొని కూర్చున్నాడు గదా!

రెండవ దావా ఆహారధాన్యం అమ్మకానికి సంబంధించినది. బుధవారం నాటికి రాకపోతే మన మధ్య అమ్మకం లేనట్లేనని కొన్నవాడు చెప్పి వెళ్ళాడు, రాలేదు. మాట తప్పినవాడివి నీవేనంటూ షురైహ్ అతనికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాడు. అమ్మకం రద్దయింది. ఈ రెండు తీర్పుల మధ్య తేడాను గమనించాలి. మొదటిదానిలో తప్పినవాడు సొమ్ము చెల్లించాడు. రెండవదానిలో బేరం పోయింది, అంతే.

ఇబ్న్ ఖుదామా వేసిన ప్రశ్న

ఈ చర్చను అత్యంత నిష్పక్షపాతంగా నడిపినవాడు హంబలీ పండితుడైన ఇబ్న్ ఖుదామా (రహ్మ, మరణం హి. 620 / క్రీ.శ. 1223). తన "అల్ ముగ్నీ" గ్రంథంలో ఆయన స్వంత ఇమాము అభిప్రాయాన్ని ముందుంచి, ప్రత్యర్థుల తర్కాన్ని కూడా ఏమాత్రం తగ్గించకుండా వివరించాడు. వారి తర్కం రెండు అంశాలపై నిలుస్తుంది. ఒకటి: అమ్మేవానికి ఆ సొమ్ము దేనికి బదులుగా వస్తున్నది? వస్తువు అతని వద్దనే ఉంది. సొమ్మూ అతని వద్దనే మిగిలింది. బదులు లేని సొమ్ము పరులది. రెండు: వస్తువును ఎప్పటిలోగా కాదనవచ్చో గడువు చెప్పలేదు, గడువు లేని ఎంపిక హక్కు చెల్లదు. ఖియాస్, అనగా ధర్మశాస్త్ర తర్కం, ఈ పక్షానికే అనుకూలమని, ఇమామ్ అహ్మద్ మాత్రం ఉమర్ కాలపు కథనాన్ని అనుసరించారని ఇబ్న్ ఖుదామా ఒప్పుకొన్నాడు. తన పక్షం బలహీనత తానే చెప్పడం ఆ కాలపు పండితుల నిజాయితీకి నిదర్శనం.

అమ్మకం ఇంకా కుదరకముందే ఇచ్చే సొమ్మును గురించి కూడా ఆయన వేరుగా ఆలోచించాడు. "దీనిని మరెవరికీ అమ్మకు, నేను తీసుకోకపోతే ఈ దిర్హము నీది" అని ఒకడిచ్చాడు. తరువాత కొనలేదు. అప్పుడు కూడా ఆ దిర్హము అమ్మకందారుకు చెందదని ఇబ్న్ ఖుదామా అభిప్రాయం. వేచి ఉన్నందుకు కూలిగా తీసుకొంటానంటే కుదరదు. ఎందుకంటే అది కూలే అయితే కొన్నప్పుడు వెలలో ఎలా జమ అవుతుంది? కూలికి మొత్తం, కాలం కూడా ముందే తెలియాలి గదా! నేడు మనం ఇళ్ళకు, స్థలాలకు వ్రాసుకొనే అగ్రిమెంటు కూడా పూర్తి అమ్మకం కాదు, అమ్ముతానన్న ఒప్పందమే. కనుక ఈ చర్చ మన కాగితాలకు సూటిగా వర్తిస్తుంది.

పరుల సొమ్మును అన్యాయంగా తినరాదని, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం వేరని సూరా నిసా 29వ ఆయతు బోధిస్తున్నది. మెజారిటీ ధర్మవేత్తలు బయానా జప్తును ఈ ఆయతు వెలుగులోనే చూశారు. "అతడు ఒప్పుకొనే ఇచ్చాడు గదా" అన్న సమాధానం వారికి చాలలేదు. వడ్డీ ఇచ్చేవాడు కూడా ఒప్పుకొనే ఇస్తాడు.

హనఫీలు చూపిన మార్గం

మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు హనఫీలు. జప్తు కూడదంటే అమ్మకందారు చేతులు కట్టుకొని కూర్చోవాలా అన్న అనుమానం వారికి కలగడం సహజం. హనఫీ ఫిఖ్హ్ అతనిని నిస్సహాయునిగా వదిలివేయలేదు.

మొదటిది, ఈజాబ్, ఖబూల్ (ఇస్తానన్న మాట, తీసుకొన్నానన్న మాట) పూర్తయిన అమ్మకం ఇద్దరినీ బంధిస్తుంది. కొన్నవాడు తనంత తానుగా తప్పుకోలేడు. అమ్మినవాడు రొక్కం ముట్టేవరకు వస్తువును తన వద్ద నిలుపుకోవచ్చు. ఖాజీ ద్వారా వెలను రాబట్టవచ్చు. రెండవది, కొన్నవాడు వెల చెల్లించకుండా, వస్తువు తీసుకోకుండా జాడ తెలియకుండా పోతే ఏమి చేయాలో మర్గీనానీ (రహ్మ, మరణం హి. 593 / క్రీ.శ. 1197) తన "హిదాయా"లో చర్చించారు. అమ్మకందారు సాక్ష్యం చూపితే ఖాజీ ఆ సొత్తును అమ్మించి అతని బాకీ తీరుస్తాడు. పైకం మిగిలితే అది కొన్నవానిదే, అతని కోసం దాచి ఉంచుతారు. తక్కువ పడితే ఆ మేరకు అతడు బాకీదారుగా ఉంటాడు. మాట తప్పి పరారైనవాని విషయంలో కూడా మిగులు అతనిదేనన్న సూక్ష్మాన్ని మనం మరువరాదు.

మూడవది, గడువు షరతు. ఫలానా రోజులోగా వెల చెల్లించకపోతే మన మధ్య అమ్మకం లేదని ముందే వ్రాసుకోవచ్చు. దీనిని ఖియారె నఖ్ద్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా మూడు రోజుల వరకు, ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ అంతకంటె ఎక్కువ కాలానికి కూడా అనుమతించారు. గడువు దాటితే అమ్మకందారుకు విడుదల లభిస్తుంది. తీసుకొన్న సొమ్ము మాత్రం తిరిగి వెళుతుంది. షురైహ్ చెప్పిన బుధవారం తీర్పు ఇక్కడ గుర్తుకు రాక మానదు.

నాలుగవది ఇఖాలా, అనగా ఇద్దరూ రాజీపడి అమ్మకాన్ని రద్దు చేసుకోవడం. ఇమామ్ అబూ హనీఫా మతం ప్రకారం ఇది మొదటి వెలకే జరగాలి. ఎక్కువ తక్కువల షరతు చెల్లదు. బేరం చేసి పశ్చాత్తాపపడిన సోదరుని విడిచిపెట్టినవాని పొరపాట్లను ప్రళయదినాన అల్లాహ్ మన్నిస్తాడని హజ్రత్ అబూ హురైరా (రజి) కథనం చేసిన హదీసు చెబుతున్నది. ఇది శాసనం కాదు, ప్రోత్సాహం. కాని సంతలో నిలబడిన ముస్లింకు ఇంతకంటె పెద్ద లాభం ఏమి కావాలి?

ఇరవయ్యో శతాబ్దంలో మలుపు

ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జౌదత్ పాషా అధ్యక్షతన ఒక సంఘం 1869 నుండి 1876 వరకు హనఫీ వ్యవహార ధర్మాన్ని 1851 నిబంధనలుగా క్రోడీకరించింది. అదే "మజల్లా". అందులో మొట్టమొదటి గ్రంథం అమ్మకాల గురించే. గడువుతో కూడిన ఎంపిక హక్కుకు మూడు రోజుల హద్దును అది తొలగించింది. ఇద్దరూ అంగీకరించిన గడువు చాలునన్నది.

తరువాత ఈజిప్టు న్యాయవేత్త అబ్దుర్రజ్జాఖ్ సన్హూరీ (1895–1971) ఇబ్న్ ఖుదామా ప్రశ్నకు జవాబు చెప్పడానికి పూనుకొన్నాడు. బదులు లేదనడం సరికాదని ఆయన వాదన. వస్తువును నిలిపి ఉంచడం, మరొకరికి అమ్మే అవకాశాన్ని పోగొట్టుకోవడం కూడా బదులేనన్నాడు. గడువును నిర్ణయిస్తే రెండవ అభ్యంతరం కూడా తొలగుతుందన్నాడు. ఆయన రూపొందించిన ఈజిప్టు సివిల్ కోడ్ 1949 అక్టోబరు 15న అమలులోకి వచ్చింది. దాని 103వ నిబంధన ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు బయానా ఇచ్చినవాడు తప్పుకొంటే దానిని కోల్పోతాడు. పుచ్చుకొన్నవాడు తప్పుకొంటే రెట్టింపు చెల్లిస్తాడు.

1993 జూన్‌లో బ్రూనై రాజధాని బందర్ సెరీ బెగవాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా బయానాను అనుమతించింది. అయితే గడువు నిర్ణయించి ఉండాలని షరతు పెట్టింది. మొత్తం వెల అక్కడికక్కడే చెల్లించవలసిన సలమ్ వంటి లావాదేవీలకు, నాణేల మార్పిడికి ఇది వర్తించదని స్పష్టం చేసింది. 2000లో రియాద్ సమావేశంలో మరొక హద్దు గీసింది: ఆలస్యానికి జరిమానా షరతు ఇతర ఒప్పందాలలో చెల్లవచ్చు గాని, చెల్లించవలసినది అప్పు రూపంలో ఉన్నచోట చెల్లదు, అది వడ్డీకి దారి తీస్తుంది.

మన దేశపు న్యాయస్థానాలలో

ఒకప్పుడు మన దేశంలో ముస్లింల మధ్య ఒప్పందాలకు వారి ధర్మశాస్త్రమే వర్తించేది. 1781 నాటి బ్రిటిష్ శాసనం కలకత్తా సుప్రీంకోర్టుకు, 1797 నాటి శాసనం మద్రాసు, బొంబాయి కోర్టులకు ఈ ఆదేశాన్ని ఇచ్చాయి. ఆలంగీరీ ఫతావాలోని అమ్మకాల భాగాన్ని నీల్ బెయిలీ ఆంగ్లంలోకి మార్చి 1850లో ప్రకటించడానికి ఇదే నేపథ్యం. 1872 సెప్టెంబరు 1న ఇండియన్ కాంట్రాక్టు చట్టం అమలులోకి రావడంతో ఆ అధ్యాయం ముగిసింది. 1937 షరీఅత్ చట్టం వివాహం, వారసత్వం, వఖ్ఫ్ వంటివాటికే పరిమితమైంది. కొనుగోలు అమ్మకాలు అందులో లేవు.

కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత సొమ్ము వ్రాసుకొన్నా, దానికి మించకుండా న్యాయమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. 1963లో ఫతేచంద్ కేసులో కొనుగోలుదారు 1,000 రూపాయలు బయానాగా, తరువాత 24,000 రూపాయలు వెల క్రింద ఇచ్చి ఉన్నాడు. బయానా వెయ్యి జప్తు కావచ్చు గాని, 24,000ను అలా మింగివేయడానికి వీలులేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో కైలాష్‌నాథ్ కేసు వచ్చింది. ఢిల్లీలో 3.12 కోట్లకు వేలంలో పాడిన స్థలానికి కట్టిన 78 లక్షలను ప్రభుత్వ సంస్థ జప్తు చేసింది. ఆ స్థలాన్నే తరువాత 11.78 కోట్లకు అమ్మింది. తప్పు కొనుగోలుదారునిది కాదని, పైగా సంస్థకు నష్టమే లేనప్పుడు పరిహారం దేనికని కోర్టు ఆ సొమ్మును తిరిగి ఇప్పించింది. అయినా మితమైన బయానా జప్తును మన కోర్టులు పూర్తిగా తోసిపుచ్చలేదు. ఏది బయానా, ఏది అడ్వాన్సు, కాగితంలో ఏమి వ్రాసి ఉంది అన్నదానిపై ప్రతి దావా ఆధారపడి ఉంటుంది.

నష్టం లేనిచోట పరిహారం దేనికన్న ఈ మాట మనకు కొత్తది కాదు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఇబ్న్ ఖుదామా మన ముందుంచిన "దేనికి బదులు?" అన్న ప్రశ్నే మరో భాషలో వినిపించింది.

మన కర్తవ్యం

ఈ చరిత్ర నుండి గ్రహించవలసినది ఒకటే. బయానాను నిషేధించినవారు గాని, అనుమతించినవారు గాని, మాట తప్పినవాని సొమ్ము ఊరకనే దొరికిన లాభమని ఎన్నడూ అనలేదు. నిషేధించినవారు దానికి బదులు లేదన్నారు. అనుమతించినవారు బదులును చూపడానికి శ్రమపడ్డారు. ఇద్దరి దృష్టీ ఆ బదులుపైననే.

కనుక అగ్రిమెంటు వ్రాసుకొనే ముస్లిం సోదరుడు గడువు తేదీని స్పష్టంగా వ్రాయించాలి. తప్పుకొంటే ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి. బేరం చెడితే తనకు నిజంగా కలిగిన ఖర్చూ, నష్టమూ లెక్క వేసి, తన మస్లక్‌ను ఎరిగిన ఆలిమ్‌ను సంప్రదించి, తనది కానిదానిని తిరిగి ఇచ్చివేయాలి. ఎక్కువ ధర చూసి మాట మార్చే అమ్మకందారుకు కూడా ఇదే కొలత. ఒకరి బేరంపై మరొకరు బేరమాడరాదన్న ప్రవక్త (స) వారి హెచ్చరిక అతనినీ, అతని వద్దకు వచ్చిన రెండవ కొనుగోలుదారునూ ఉద్దేశించినదే.

మొదట చెప్పుకొన్న ఇంటి యజమానికి కోర్టు ఆ లక్ష రూపాయలను ఉంచుకోనివ్వవచ్చు, ఉంచుకోనివ్వకపోవచ్చు. ఇంటికి అతనికి ఎక్కువ ధరే వచ్చింది, నష్టం కలగలేదు. ఆ లక్ష దేనికి బదులో కోర్టు అడగకపోయినా, అతడు తనను తాను అడుగుకోక తప్పదు. సరియైన జ్ఞానం అల్లాహ్‌కే ఉంది.